బార్సిలోనా మ్యాచ్‌కి ఫ్లైట్ కొనేముందు

స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లీగా షెడ్యూల్‌లో మ్యాచ్ ఆదివారం అని కనిపించిందని శనివారం దిగి సోమవారం పొద్దున్నే తిరుగు ఫ్లైట్ కొనేయకండి. అసలు రోజు, టైము టీవీ ప్రసారాల్ని బట్టి కొన్ని వారాల ముందు గానీ ఖరారు కావు. శుక్రవారం నుంచి సోమవారం రాత్రి దాకా ఎప్పుడైనా పడొచ్చు. గురువారం చేరి మంగళవారం బయల్దేరేలా పెట్టుకుంటే గండం గడిచినట్టే. హోటల్ కూడా ఉచితంగా రద్దు చేసుకునేదే చూడండి.

ఊళ్లో తిరగడానికి పది ప్రయాణాల టీ-కాజువల్ కార్డు చాలు, ఒక్కరికే అనుకోండి. ఎయిర్‌పోర్టు మెట్రోలో అది చెల్లదు, గేటు తెరుచుకోదు. అక్కడి స్టేషన్ మెషీన్లోనే కార్డు కొని, బయటికొచ్చి 46 నంబరు సిటీ బస్సెక్కండి. ప్లాసా ఎస్పాన్యాలో దింపుతుంది. అక్కణ్ణుంచి బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌకి ఎల్3 మెట్రో లైను ఎక్కి, లెస్ కోర్ట్స్ స్టేషన్లో దిగండి.