వారెన్స్‌బర్గ్‌కు కొత్తగా వచ్చారా? ముందు మన బడి కథ వినండి

కాన్సస్ సిటీ ఎయిర్‌పోర్టులో దిగి, గంటకు పైగా కారులో పొలాల మధ్య ప్రయాణం చేసి, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న వారెన్స్‌బర్గ్‌కు చదువుకోసం చేరగానే మనవాళ్లలో చాలామంది అడిగే మొదటి మాట, "ఊరు ఇంతేనా?" అని. నేనూ అదే అడిగాను. చీకటి పడితే చాలు, వీధిలో మనిషి కనిపించడు. లక్షలు అప్పు చేసి ఎక్కడికి వచ్చి పడ్డానా అని వారం రోజులు ఒకటే టెన్షన్. మన బడి యూసీఎం (యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి) ఎందుకు పుట్టిందో తెలిశాకే నా మనసు కుదుటపడింది. అందుకే సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు సంగతుల కన్నా ముందు ఆ కథ చెబుతాను.

యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి 1871లో టీచర్లను తయారుచేసే బడిగా మొదలైంది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే. పల్లెపల్లెకూ బడి కావాలి, పాఠం చెప్పేవాళ్లేమో లేరు. అందుకని మిస్సోరి ప్రభుత్వం ప్రాంతాలవారీగా నార్మల్ స్కూళ్లు పెట్టింది. కర్క్స్‌విల్‌లోది మొదటిది, ఇప్పటి ట్రూమన్ స్టేట్ యూనివర్సిటీ అదే. రెండోది మనది. మేరీవిల్‌లో మీ ఫ్రెండ్స్ చదువుతున్న నార్త్‌వెస్ట్ మిస్సోరి కూడా 1905లో ఇలాగే పుట్టింది. అంటే అది మనకు చెల్లెలి వరస.

మా నాన్న రిటైర్డ్ టీచర్. ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "నార్మల్ అంటే మామూలు బడి అనా?" అన్నారు. కాదు. అది ఫ్రెంచివాళ్ల 'ఎకోల్ నార్మల్' నుంచి వచ్చిన మాట. పాఠం చెప్పే తీరుకు ఒక ప్రమాణం నేర్పే చోటు అని అర్థం. మద్రాసులోనూ 1856లో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఉండేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ట్రైనింగ్ చేసిన సైదాపేట టీచర్స్ కాలేజీకి మూలం అదే. ఇదంతా విని నాన్న, "అయితే నువ్వు చదివేది మా ట్రైనింగ్ కాలేజీ లాంటిదే అన్నమాట" అన్నారు. ఆయన గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినిపించింది. ఆ రోజు తర్వాత ఎవరికైనా యూనివర్సిటీ పేరు చెప్పడానికి నేను మొహమాటపడలేదు.

ఈ బడి పేదపిల్లలకూ అండగా నిలబడింది. 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్' పుస్తకం రాసిన డేల్ కార్నెగీ ఇక్కడ చదివినవాళ్లలో ఒకరు. ఆయనది రైతు కుటుంబం. ఊళ్లో గది అద్దెకు తీసుకునే స్తోమత లేక, పొలం నుంచి రోజూ గుర్రం మీద వచ్చి చదువుకున్నారు. డబ్బులు లెక్కపెట్టుకుంటూ నలుగురు ఒక ఫ్లాట్‌లో సర్దుకునే మనకు ఆయన కష్టం కొత్తేమీ కాదు.

1915లో అగ్నిప్రమాదం జరిగి పాత మెయిన్ బిల్డింగ్, దాంతోపాటు క్యాంపస్‌లో చాలాభాగం కాలిపోయాయి. మంటల్ని తప్పించుకుని నిలిచిన డాకరీ భవనం ఇప్పటికీ ఉంది. మీరు చూసి తీరాలి. దగ్గరికి వెళ్లి ఆ రాతి గోడ మీద చెయ్యి పెట్టండి. నేను వచ్చిన మొదటి చలికాలంలో ఓ సాయంత్రం అలాగే చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను.

కాలిపోయిన చోటనే మళ్లీ కట్టుకున్నారు. 1919లో టీచర్స్ కాలేజీ అయింది, 1940లలో పేరులోంచి 'టీచర్స్' పోయి స్టేట్ కాలేజీగా మిగిలింది, 1972లో యూనివర్సిటీ హోదా వచ్చింది, 2006లో ఇప్పటి పేరు పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్లెవరైనా పాత పేరుతో 'సీఎంఎస్‌యూ' (సెంట్రల్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీ) అంటే అది వేరే కాలేజీ అనుకోకండి, మనదే.

పాఠం చెప్పడమే పనిగా పుట్టిన చోటు కదా, ఆ గుణం ఇంకా పోలేదు. ప్రొఫెసర్లు ఆఫీస్ అవర్స్ అని బోర్డు పెడితే నిజంగా తలుపు తీసి కూర్చుంటారు. మనవాళ్లు వెళ్లరు, ఏమనుకుంటారో అని భయం. రెండో వారంలోనే వెళ్లండి. అసైన్‌మెంట్ అర్థం కాలేదని చెప్తే ఎవరూ చులకన చేయరు. సీనియర్ల దగ్గర పాత అసైన్‌మెంట్లు తెచ్చుకుని కాపీ చేయడం మాత్రం వద్దే వద్దు. దొరికితే వీసాకే ముప్పు.

ఇల్లు లీజుకు సంతకం పెట్టే ముందు మీ క్లాసులు వారెన్స్‌బర్గ్‌లోనా, లీస్ సమ్మిట్ క్యాంపస్‌లోనా అని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. రెండింటి మధ్య కారు లేకుండా రోజూ తిరగడం అయ్యే పని కాదు. అడ్రస్ మారితే 10 రోజుల్లోగా ఆ ఆఫీసుకు చెప్పాలి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. బయట క్యాష్ పని ఇస్తామని ఎవరు పిలిచినా వెళ్లకండి. మంచి జాకెట్ ఇక్కడికొచ్చాక కొనుక్కోండి, ఇండియా నుంచి తెచ్చింది జనవరి చలికి ఆగదు. ఆవకాయ మాత్రం అక్కడి నుంచే తెచ్చుకోండి. గుడికి వెళ్లాలనిపిస్తే కాన్సస్ సిటీ అవతల షానీలో ఉంది. నలుగురు కలిసి ఒక కారులో వెళ్లి, వచ్చేటప్పుడు ఇండియన్ స్టోర్‌లో నెల సరుకులు తెచ్చుకుంటే సరిపోతుంది.

మొదటి శనివారం ఒక పని చేయండి. హోల్డెన్ స్ట్రీట్‌లో కోర్టు దగ్గర మొదలుపెట్టి దక్షిణానికి క్యాంపస్ దాకా నడవండి. బయలుదేరే ముందు కోర్టు దగ్గరున్న ఓల్డ్ డ్రమ్ అనే కుక్క విగ్రహం చూసి వెళ్లండి. 1870లో ఆ కుక్కను చంపిన కేసులో జార్జ్ వెస్ట్ అనే లాయరు చేసిన వాదన ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్యాంపస్ చేరాక డాకరీ ముందు ఒక ఫోటో దిగి ఇంటికి పంపండి. అమ్మానాన్నల్లో ఎవరైనా టీచరైతే, ఈ బడి ఎందుకు పెట్టారో కూడా చెప్పండి.