పెద్దవారికి యాంటీబయాటిక్ కొనే ముందు జాగ్రత్తలు

గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తే రోజుల్లో, ఇంట్లోని పెద్దవారికి నలతగా ఉందనగానే మందుల దుకాణానికి వెళ్లేముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

మొదట మనిషిని గమనించండి. వయసు మళ్లినవారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మనుషులను పోల్చుకోలేకపోవడం, తిండి మానేయడం, ఆయాసపడడం, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే, వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మందు అట్ట మీద నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి కనుక వాటిపై బ్యాక్టీరియాను అణచే మందైన యాంటీబయాటిక్ పనిచేయదు సరికదా, అనవసరంగా వాడితే ఒంట్లోని బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. బాధలేమీ లేనప్పుడు, మూత్రపరీక్షలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన సాధారణంగా చికిత్స అక్కరలేదు. నిరుడు మిగిలిన మాత్రలు, పక్కింటివారికి గుణమిచ్చిన మాత్రలు వాడరాదు. మన ఊళ్లలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం మరీ ఎక్కువ.

మూత్రపిండాల జబ్బు, రక్తం పలచబడే మందులు, గతంలో పడని మందు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే మందు ఎంపిక, మోతాదు వాటినిబట్టి మారతాయి. కల్చర్ పరీక్ష (నమూనాలో ఏ బ్యాక్టీరియా ఉందో తెలిపే పరీక్ష) రాస్తే, వీలైనంతవరకు తొలి మాత్రకు ముందే నమూనా ఇవ్వాలి.

తాగునీరు కాచి ఇవ్వండి. మధుమేహం ఉన్నవారు బురదలో తిరిగితే పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, పుండ్లు ఉన్నాయేమో చూడాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా డాక్టరును అడగండి.