మెటఫర్, మెటానిమీల చిక్కు నాకు ఎలా విడిపోయిందంటే

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుకునే రోజుల్లో, ఇంగ్లీషు అలంకారాల్లో సిమిలీ, పర్సానిఫికేషన్ వంటివి సులువుగానే పట్టుబడినా, మెటఫర్ ఏది, మెటానిమీ ఏది అన్న దగ్గర నాకు ఎప్పుడూ చిక్కే. గైడ్లలోని నిర్వచనాలు బట్టీ పట్టడానికే తప్ప వాక్యాన్ని విడదీసి చూడటానికి అక్కరకు రాలేదు.

చివరికి బడిలో చదివిన ఉపమాలంకారమే దారి చూపింది. ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట) అనే నాలుగింటినీ ఇంగ్లీషు వాక్యంలోనూ వెతకసాగాను. ‘లైక్’, ‘యాజ్’ వంటి ఉపమావాచకం ఉంటే సిమిలీ; అది లేకుండా ఉపమేయాన్నే ఉపమానంగా చెప్పేస్తే మెటఫర్, అంటే మన రూపకం. ‘హర్ వాయిస్ ఈజ్ హనీ’ అన్నప్పుడు గొంతుకూ తేనెకూ తీయదనం సమానధర్మంగా దొరుకుతుంది. ‘ది వైట్ హౌస్ డినైడ్ ఇట్’ అన్నప్పుడు మాత్రం ఆ భవనానికీ అమెరికా అధ్యక్షుని యంత్రాంగానికీ ఎంత వెతికినా పోలిక కనబడదు. ఉన్నదల్లా అక్కడి నుంచి పాలన సాగుతుందన్న సంబంధమే, కాబట్టి అది మెటానిమీ. మన ఆలంకారికులు ‘గంగలో పల్లె’ అనే ఉదాహరణతో వివరించిన ‘లక్షణ’, అంటే మాటకు అసలు అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని తీసుకోవడం, దీనికి చాలా దగ్గర, ఎందుకంటే పల్లె ఉన్నది నీటిలో కాదు, ఒడ్డున. ‘కొండంతా గోవిందనామాలు పలుకుతోంది’ అని మా ఊళ్లో అనే మాటా ఈ కోవలోదే, పలికేది భక్తులు.

సినెక్డకీని చాలామంది మెటానిమీలో ఒక రకంగానే లెక్కిస్తారు. ప్రశ్నలో రెండూ ఇస్తే, భాగంతో మొత్తాన్ని చెప్పారేమో ముందు చూస్తాను, అలా చెబితే అది సినెక్డకీ: ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’లో చేతులంటే ఓడ సిబ్బంది.