కంటెంట్ రిపాజిటరీ నేర్చుకుందాం – 6వ పాఠం: మొత్తం ఎన్ని?

కంటెంట్ రిపాజిటరీ అంటే ఫోటోలు, పత్రాల వంటివాటిని చెట్టు కొమ్మల్లా అమర్చి దాచే నిల్వ. అందులో ఒక్కో అంశాన్ని నోడ్ అంటాం. పోయిన పాఠంలో సెట్‌లిమిట్ (ఎన్ని తేవాలి), సెట్‌ఆఫ్‌సెట్ (మొదట ఎన్ని వదిలేయాలి) వాడి లొల్ల లాకుల ఫోటోలను పేజీకి పదేసి చొప్పున తెచ్చుకున్నాం. పేజీలు చేశాక కింద 'మొత్తం ఇన్ని' అని చూపించాలనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) అలవాటున్నవాళ్లు వెంటనే కౌంట్ అని రాయబోతారు. జావాలో కంటెంట్ రిపాజిటరీలకు ఉన్న ప్రమాణం జేసీఆర్. 2009లో వచ్చిన జేసీఆర్ 2.0లోని క్వెరీ భాషలో, అంటే రిపాజిటరీని ప్రశ్న అడిగే భాషలో, ఆ మాట లేదు. లెక్క వేరే చోట అడగాలి.

క్వెరీ నడిపాక వచ్చిన ఫలితం మీద గెట్‌నోడ్స్ పిలిస్తే ఒక ఇటరేటర్ (నోడ్లను ఒక్కొక్కటిగా అందించేది) వస్తుంది. దానికి గెట్‌సైజ్ అనే మెథడ్ ఉంది. మీ రిపాజిటరీలో పన్నెండు ఫోటోలుంటే 12 అనే వస్తుంది, మీకు సంతోషం కలుగుతుంది. అక్కడే జాగ్రత్త. రెండు వేల ఫోటోలు ఎక్కించి అదే కోడ్ నడపండి. చాలాసార్లు -1 వస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే జరిగింది. నా దగ్గర అన్నీ సరిగ్గా వచ్చాయి. అసలు సర్వర్‌లో పెట్టాక 'మొత్తం ఫలితాలు: -1' అని తెరమీద కనపడింది. ఆ రాత్రంతా టెన్షన్‌తో నా కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. -1 అంటే 'లెక్క తెలియదు' అని జేసీఆర్ నియమంలోనే రాసి ఉంది. నేను చదవలేదు, అంతే. అందుకే ఈ పాఠాన్ని ఇంత నిదానంగా చెబుతున్నాను.

ఎందుకు తెలియదు? మన కోనసీమలో కొబ్బరి దింపు గుర్తు తెచ్చుకోండి. దింపు అయిన వెంటనే ఎన్ని కాయలని అడిగితే ఎవరూ చెప్పలేరు. కాయలు చెట్ల కిందే పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏరి రాశికి చేర్చాలి, చేర్చేటప్పుడే పనికిరానివి పక్కకు తీసేయాలి. అప్పుడే లెక్క తేలుతుంది. జేసీఆర్ ప్రకారం పనిచేసే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ అపాచీ జాక్‌రాబిట్ ఓక్ కూడా అలాగే నడుస్తుంది. మీరు అడిగినకొద్దీ నోడ్లు ఏరి తెస్తుంది. మొదట కొన్నిటిని ముందే తెచ్చి చూసుకుంటుంది. అంతలోనే అయిపోతే నిజమైన సంఖ్య చెబుతుంది, ఇంకా మిగిలితే -1. పన్నెండు ఫోటోలకు సరైన లెక్క రావడానికి కారణం ఇదే.

పనికిరాని కాయలు పక్కకు తీయడమంటే ఇక్కడ అనుమతుల తనిఖీ. రెండో పాఠంలో ఇంట్లో పెళ్లి ఫోటోలను అతిథి యూజర్‌కు కనపడకుండా చేశాం కదా. ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి రిపాజిటరీ ఉంచుకునే పట్టికలో) అవీ ఉంటాయి. అతిథి అడిగినప్పుడు ఒక్కో నోడ్‌నూ 'ఇతనికి చూసే హక్కు ఉందా' అని పరీక్షించాకే లెక్కలోకి తీసుకోవాలి. కాబట్టి ఒకే క్వెరీకి మీకు 52 రావచ్చు, అతిథికి 40 రావచ్చు. రెండూ సరైనవే. ఇండెక్స్ చెప్పిన సంఖ్యను అతిథికి చూపిస్తే, ఉన్నాయని అతనికి తెలియకూడని ఫోటోలను కూడా లెక్కగట్టి చెప్పినట్టే.

కచ్చితమైన లెక్క కావాలంటే దారి ఒక్కటే. లిమిట్ తీసేసి, హస్‌నెక్స్ట్ (ఇంకా నోడ్ ఉందా) నిజమైనంతసేపు నెక్స్ట్‌నోడ్ (తర్వాతి నోడ్ ఇవ్వు) పిలుస్తూ ఒక లాంగ్ (పెద్ద పూర్ణసంఖ్య) వేరియబుల్‌ను ఒకటి చొప్పున పెంచండి. నోడ్లను జాబితాలో దాచకండి, మెమరీ నిండిపోతుంది. లిమిట్ ఉంచి లెక్కిస్తే పదికి పదే వస్తుంది, అది మొత్తం కాదు. ఇంకో మాట: ఒకే ఫలితం మీద గెట్‌నోడ్స్ రెండోసారి పిలిస్తే జేసీఆర్ నియమం ప్రకారం ఎక్సెప్షన్ (దోషం) రావాలి. లెక్కపెట్టాక చూపించడానికి క్వెరీ మళ్లీ నడపాలి.

పెద్ద రిపాజిటరీలో ఈ పద్ధతి నెమ్మది. నా సలహా, చూసేవాళ్లకు నిజంగా ఏం కావాలో ముందు ఆలోచించండి. 'తర్వాతి పేజీ' బటన్ చూపించాలా వద్దా అన్నదే ప్రశ్నయితే, పదికి బదులు పదకొండు అడగండి. పదకొండోది వస్తే ఇంకా ఉన్నట్టు. సంఖ్యే కావాలంటే వంద వరకు లెక్కపెట్టి ఆపేసి, ఇంకా మిగిలితే '100కు పైగా' అని రాయండి. అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్‌లో (ఓక్ మీద నడిచే వెబ్‌సైట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్) పని చేయబోయేవాళ్లు, అందులో క్వెరీలు కట్టే క్వెరీబిల్డర్‌లో పి.గెస్‌టోటల్ అనే అమరికను గుర్తుపెట్టుకోండి. దానికి 100 ఇస్తే అదీ ఇదే పని చేస్తుంది.

అభ్యాసం: ధవళేశ్వరం అనే ఫోల్డర్ కింద లూప్‌తో 500 నోడ్లు తయారు చేయండి. వాటిలో 30 నోడ్లకు అతిథి అనుమతి తీసేయండి. గెట్‌సైజ్ ఏం చెబుతుందో, లూప్ లెక్క ఎంత వస్తుందో రెండు యూజర్లతోనూ చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. అతిథి లూప్ లెక్క 470 రాకపోతే అనుమతులు పెట్టాక సేవ్ చేశారో లేదో చూడండి. ఏడో పాఠంలో ఇండెక్స్ తయారు చేద్దాం, ఈ 500 నోడ్లు అప్పుడూ కావాలి, తీసేయకండి.