ఎవర్‌గ్లేడ్స్‌ని చూసి అర్థం చేసుకోవడం ఎలా?

అమెరికాలో ఫ్లోరిడాలోని మయామీ వెళ్లిన మనవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న ఎవర్‌గ్లేడ్స్‌లో ఎయిర్‌బోట్ (వెనక పెద్ద ఫ్యాన్‌తో నడిచే పడవ) ఎక్కి, మొసలిని పోలిన ఎలిగేటర్‌ని ఫొటో తీసుకుని వచ్చేస్తారు. ఒక పూర్తి రోజు ఇస్తే ఆ చిత్తడి నేల ఎలా బతుకుతోందో అర్థమవుతుంది. అందుకు జంతువుల కన్నా ముందు నీళ్లను చూడాలి. నీటిమట్టం కొద్ది అంగుళాలు పెరిగినా తగ్గినా ఇక్కడ మొక్కలూ పిట్టలూ మారిపోతాయి.

1. పొడి కాలంలో వెళ్లండి

డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు మంచి సమయం. మే నుంచి వానలు, విపరీతమైన దోమలు. దోమల సంగతి అటుంచితే, పొడి కాలంలో నీరు తగ్గి చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి, వాటి వెంటే పిట్టలూ వస్తాయి. వుడ్ స్టార్క్ అనే పెద్ద కొంగను గమనించండి. ముక్కు కాస్త తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తుంది, చేప తగలగానే టక్కున మూసేస్తుంది. కంటితో వెతికి పట్టే అలవాటు తక్కువ కాబట్టి, చేపలు కిక్కిరిసి ఉంటేనే దాని పిల్లల కడుపు నిండుతుంది. పొడి కాలం మధ్యలో అకాల వానలు పడి నీరు పెరిగితే చేపలు చెదిరిపోతాయి, కొంగలు గూళ్లు వదిలేసి వెళ్లిపోతాయి.

2. అన్‌హింగా ట్రెయిల్‌తో మొదలుపెట్టండి

హోమ్‌స్టెడ్ ఊరి వైపున్న నేషనల్ పార్క్ గేటు నుంచి లోపలికి వెళ్తే కొద్ది మైళ్లలోనే వస్తుంది. దారి ఒక మైలు కూడా ఉండదు, పిల్లలూ పెద్దవాళ్లూ హాయిగా నడవొచ్చు. ఎలిగేటర్లకు కనీసం 15 అడుగుల దూరంలో ఉండండి, తిండి అస్సలు వేయొద్దు. పార్కింగ్‌లో రాబందులు కార్ల రబ్బరు పీకేస్తాయి. టార్పాలిన్లు అక్కడే పెట్టి ఉంటారు, కప్పండి.

3. పా-హే-ఓకీ దగ్గర కిందికి చూడండి

అదే రోడ్డు మీద ముందుకు వెళ్తే వచ్చే ఈ చోటు దూరం నుంచి ఎండుగడ్డి మైదానంలా కనిపిస్తుంది. నిజానికి ఆ గడ్డి కింద ఒకీచోబీ సరస్సు వైపు నుంచి దక్షిణాన సముద్రం దాకా నీరు నెమ్మదిగా పారాలి. వాలు మైలుకు రెండు మూడు అంగుళాలే. సా-గ్రాస్ అనే ఆ మొక్క తుంగ జాతిది. ఆకు అంచున రంపపు పళ్లుంటాయి, చెయ్యి కోసుకుంటుంది. దాని మొదళ్ల దగ్గర గోధుమరంగులో మెత్తటి తెట్టు కనిపిస్తుంది. దాన్ని పెరిఫైటాన్ అంటారు. నాచు, బాక్టీరియా, సూక్ష్మజీవులు కలిసి పెరిగిన ముద్ద అది. చిన్న చేపలకూ నత్తలకూ అదే తిండి, వాటిని తిని కొంగలూ ఎలిగేటర్లూ బతుకుతాయి. ఆ చెత్తలాంటి ముద్దే నాకు ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది.

4. ఎత్తుపల్లాలు గుర్తుపట్టండి

గడ్డి మధ్యలో దీవిలా చెట్ల గుంపు కనిపిస్తే అక్కడ నేల రెండు మూడు అడుగులు ఎత్తుగా ఉందన్నమాట. మహోగని హమ్మాక్‌లో అలాంటి తోపులోకి వెళ్లి చూడొచ్చు. పల్లాల్లో ఎలిగేటర్లు బురద తోడి గుంతలు చేసుకుంటాయి. అంతా ఎండిపోయినప్పుడు చేపలకూ తాబేళ్లకూ ఆ గుంతలే దిక్కు.

5. జరిగిన నష్టం కూడా చూడండి

మయామీ నుంచి పడమరకు వెళ్లే టమయామి రోడ్డు 1928లో పూర్తయ్యాక నీటి దారికి అడ్డుకట్టలా మారింది. 2013లో ఒక మైలు మేర వంతెన కట్టి నీటికి దారి ఇచ్చారు, ఆ పని తర్వాత కూడా సాగింది. ఆ రోడ్డు మీదే ఉన్న షార్క్ వ్యాలీలో టవర్ ఎక్కితే నీటి విస్తారం మొత్తం కనిపిస్తుంది. ఉత్తరాన పొలాల నుంచి ఫాస్ఫరస్ కలిసిన నీరు చేరిన చోట్ల సా-గ్రాస్ పోయి జమ్ము పెరిగిపోతోంది. బర్మీస్ కొండచిలువలు అడవి జంతువులను తినేస్తున్నాయి. ఇవి మనుషులు పెంచుకుని వదిలేసిన పాముల సంతతి.

ఓపిక ఉంటే పార్కు రోడ్డు చివరనున్న ఫ్లమింగో అనే చోటు దాకా వెళ్లండి. గేటు నుంచి 38 మైళ్లు. మంచినీరూ ఉప్పునీరూ కలిసే ఆ మడ అడవుల దగ్గర ఎలిగేటరూ మొసలీ రెండూ ఉంటాయి. నల్లగా, మూతి వెడల్పుగా ఉంటే ఎలిగేటర్. బూడిద రంగులో మూతి సన్నగా ఉంటే మొసలి. బయల్దేరే ముందే హోమ్‌స్టెడ్‌లో పెట్రోల్ నింపుకోండి, నీళ్లూ తిండీ వెంట పెట్టుకోండి.