పదో తరగతి ఇంగ్లిష్: ఏడాది ప్లాన్‌ను రాతపని నుంచి మొదలుపెట్టండి

జూన్ 12న బడి తెరిచేలోపు నా డైరీలో ఒక లెక్క తేల్చుకుంటాను. జనవరి 10 లోపు నాకు నిజంగా దొరికే పీరియడ్లు ఎన్ని? తెలంగాణలో పదో తరగతి సిలబస్ ఆ తేదీకల్లా అయిపోవాలి. దసరా సెలవులు, రెండో శనివారాలు, పండుగలు, ఎఫ్ఏలు అనే చిన్న పరీక్షలు, ఎస్ఏ-1 అనే అర్ధసంవత్సర పరీక్ష, ట్రైనింగులు తీసేస్తే మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు ఎప్పుడూ 130కి మించి రాలేదు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం రీడర్‌లో 8 యూనిట్లు. అంటే యూనిట్‌కు 16 పీరియడ్లు. ఈ లెక్క ముందే చూసుకోకపోతే నవంబర్ నుంచి పాఠాలను పరుగెత్తించాల్సి వస్తుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను డిసెంబర్‌కే సిలబస్ ముగించాను. చాలా సంతోషపడ్డాను కూడా. ప్రీ ఫైనల్‌లో లెటర్ ప్రశ్న కొంచెం మార్చి ఇచ్చారు. సగం మంది పిల్లలు గైడులో ఉన్న లెటర్‌నే దించారు. పాఠాలన్నీ చెప్పాను గానీ, వాళ్ల చేత సొంతంగా ఒక్క పేజీ కూడా రాయించలేదని ఆ పేపర్లు దిద్దుతుంటే తెలిసింది. అప్పటినుంచి ప్లాన్ రాసేటప్పుడు రాతపనికే ముందు చోటు ఇస్తున్నాను.

ప్రతి యూనిట్‌లో ఏ, బీ, సీ అని మూడు రీడింగులు, అంటే మూడు పాఠాలు ఉంటాయి. 16 పీరియడ్లలో రాతకు 4 పక్కన పెట్టండి. 'ఏ' రీడింగ్, దాంతో వచ్చే గ్రామర్, పదాలకు కలిపి 7. పద్యమైనా, పాఠమైనా 'బీ' రీడింగ్‌కు 3. 'సీ' రీడింగ్‌కు 1 చాలు, పిల్లలు ఇంట్లో చదివి వస్తారు. మిగిలిన ఒక్కటి ఖాళీగా ఉంచండి. ఏదో ఒక మీటింగ్ దాన్ని తినేస్తుంది.

ఆ తర్వాత ఒక్కో యూనిట్‌కు ఒక్కో రాతను ముడిపెట్టండి. మొదటి యూనిట్‌లో చేతులూ కాళ్లూ లేకుండా పుట్టిన నిక్ వుయిచిచ్ గురించి పాఠం ఉంది కాబట్టి, అక్కడ ఊళ్లో ఒక మనిషి జీవితాన్ని బయోగ్రఫికల్ స్కెచ్‌గా రాయిస్తాను. రెండోది నాటిక, అందుకని సంభాషణ. మూడో యూనిట్ 'ద జర్నీ'లో తండ్రి కొడుకు పెట్టెను మోసుకుంటూ నడుస్తాడు. పక్కన నడిచే కొడుక్కి సిగ్గుగా ఉంటుంది. ఆ రాత్రి ఆ కొడుకు డైరీలో ఏం రాసుకుంటాడో రాయమంటే పిల్లలు ఆగకుండా రాస్తారు. నాలుగో యూనిట్‌లో 1957 నాటి మాయాబజార్ ఉంది. సినిమా మొత్తం గురించి రాయమంటే 'వెరీ నైస్ మూవీ' దగ్గరే ఆగిపోతారు. ఘటోత్కచుడి భోజనం సీన్ ఒక్కటే ఇవ్వండి, మూడు పేరాలు వస్తాయి.

ఐదో యూనిట్‌కు ఖాళీ పీరియడ్ కూడా వాడేయండి. వామన్ హోవాళ్ కథ 'ద స్టోరీడ్ హౌస్'లో బొంబాయి డాక్‌లో పనిచేసి రిటైరైన దళితుడు బయాజీ ఊరికొచ్చి మేడ కట్టుకోవాలనుకుంటాడు. పెద్ద కులాల వాళ్లు ఒప్పుకోరు. చివరికి ఆ ఇంటికి నిప్పంటుకుంటుంది, బయాజీ ఆ కాలిన గాయాలతోనే చనిపోతాడు. ఈ పాఠం రోజు మా క్లాసు నిశ్శబ్దమైపోతుంది. వాళ్లలో కొందరి ఇళ్లు ఊరి చివర ఉన్నాయి, అందరికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు నేను ప్రశ్నలు అడగను, ఎవరినీ లేపి చదివించను. నేనే చదువుతాను. రెండో రోజు న్యూస్ రిపోర్ట్ రాయిస్తాను: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది. వార్త కాబట్టి ఎవరి మనసులోని మాటా బలవంతంగా బయటపెట్టక్కర్లేదు. అయినా నిజం మొత్తం కాగితం మీదికి వస్తుంది.

యూనిట్ల వరుస మార్చకండి, ఎస్ఏ-1 పేపర్‌తో చిక్కొస్తుంది. ఒక్క కథను మాత్రం నేను జులైకే తెచ్చుకుంటాను. అది ఎనిమిదో యూనిట్‌లోని 'వాట్ ఈజ్ మై నేమ్?'. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'కి అనువాదం. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ముందు తెలుగులో చదివి వినిపించండి, తర్వాత ఇంగ్లిష్ పేజీ తెరవండి. కథ తెలుసు కాబట్టి పిల్లలు వాక్యాన్ని చూసి భయపడరు. తర్వాత వాళ్ల అమ్మ గురించి రాయమంటాను.

ఒకసారి ఒక అబ్బాయి 'మై మదర్ ఈజ్ గుడ్ అండ్ కైండ్' అని రాసి పెన్ను పెట్టేశాడు. "పొద్దున లేవంగనే మీ అమ్మ ముందు ఏం చేస్తది?" అని అడిగాను. "పొయ్యి మీద నీళ్లు పెట్టి బర్రెకాడికి పోతది మేడం" అన్నాడు. అదే రాయమన్నాను. 'ఫస్ట్ షి పుట్స్ వాటర్ ఆన్ ద స్టవ్. దెన్ షి గోస్ టు ద బఫెలో.' తర్వాత నేను అడగకుండానే ఆరు వాక్యాలు రాశాడు. తెలుగులో అడగడం, ఇంగ్లిష్‌లో రాయించడం అనేది ఏడాది పొడవునా కొనసాగాలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట వినిపించకూడదని పట్టుబడితే ఆ బర్రె కాగితం మీదికి వచ్చేది కాదు.

రాత పీరియడ్లు నాలుగూ ఇలా సాగుతాయి. మొదటి రోజు మాటలు, రెండో రోజు చిత్తు, మూడో రోజు పక్కవాళ్లు చదివి అర్థం కాని చోట గీత గీయడం, నాలుగో రోజు తిరగరాయడం.

దిద్దడం దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. మా క్లాసులో 52 మంది. రోజుకు 13 నోటుబుక్కుల చొప్పున నాలుగు రోజుల్లో అయిపోతాయి. ప్రతి తప్పూ దిద్దకండి. పేజీ నిండా ఎర్ర ఇంకు చూసిన పిల్ల రెండోసారి తక్కువ రాస్తుంది. జులైలో పాస్ట్ టెన్స్ మాత్రమే, ఆగస్టులో 'షి' తర్వాత క్రియకు వచ్చే 'ఎస్' మాత్రమే. ఒక బాగున్న వాక్యం కింద గీత గీసి, అది ఎందుకు బాగుందో మాత్రం తప్పక రాయండి.

జనవరి 10 తర్వాత కొత్త పాఠం ముట్టను. వారానికి రెండు పాత ప్రశ్నపత్రాలు, మిగతా రోజులు పిల్లల పాత రాతలే. జూన్‌లో రాసిన మొదటి పేజీలను బీరువాలో దాచి ఉంచుతాను. ఫిబ్రవరిలో ఎవరిది వాళ్లకిచ్చి, అదే విషయం మళ్లీ రాయమంటాను. ఆ పీరియడ్‌లో ఫ్యాన్ చప్పుడు, పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు.