ఆర్కేడ్ క్యాబినెట్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

ఇంట్లో కట్టుకున్న ఆర్కేడ్ క్యాబినెట్‌లో (నాణెం వేసి ఆడే పాత వీడియో గేమ్ యంత్రం తరహా పెట్టె) ఏ చిన్న తేడా వచ్చినా చాలామంది ముందుగా సెట్టింగుల మెనూ తెరుస్తారు. బటన్లన్నీ మళ్లీ కేటాయిస్తారు, ఎమ్యులేటర్ (పాత ఆటలను కంప్యూటర్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్) మారుస్తారు, చివరికి మెమరీ కార్డు మొత్తం చెరిపేసి మొదటినుంచి ఎక్కిస్తారు. లోపం మాత్రం వదులైన ఒక వైరులో హాయిగా కూర్చుని ఉంటుంది. వెతకాల్సిన వరుస ఇది: ముందు కరెంటు, తర్వాత వైర్లు, ఆ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే సాఫ్ట్‌వేర్. నిన్నటిదాకా బాగా ఆడిన యంత్రం ఇవాళ మొండికేస్తే, సెట్టింగు దానంతటదే మారి ఉండే అవకాశం చాలా తక్కువ.

దగ్గర ఉంచుకోవాల్సినవి: బీప్ శబ్దం చేసే మల్టీమీటర్, రెండు చివరలా క్లిప్పులున్న ఒక వైరు, స్క్రూడ్రైవర్, మంచిదని తెలిసిన మరో ఎడాప్టర్, మామూలు యూఎస్‌బీ కీబోర్డు. వెనక తలుపు తీసి చేయి పెట్టే ముందు ప్లగ్గు గోడ నుంచి పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. పాత పిక్చర్ ట్యూబు మానిటర్ పెట్టుకున్నవారికి ఇంకో మాట: ప్లగ్గు తీసేశాక కూడా ట్యూబులో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. ఆ పని తెలిసినవారికే వదిలేయండి.

ఆట మధ్యలో ఆగిపోతుంది, లేదా యంత్రం దానంతటదే రీస్టార్ట్ అవుతుంది

ఇది దాదాపు ఎప్పుడూ కరెంటు సమస్యే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడుతుంటే తెర మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది. వోల్టేజీ సుమారు 4.63 కంటే కిందికి జారిందని దాని అర్థం. రాస్ప్‌బెర్రీ పై 4 కి 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే ఎడాప్టర్ కావాలి. ఇంట్లో పడి ఉన్న ఫోన్ చార్జరు ఆ పని చేయదు. ఎడాప్టర్ మంచిదే అయినా కేబుల్ సన్నగా, పొడవుగా ఉంటే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. అందుకే కొలత ఎడాప్టర్ దగ్గర కాదు, బోర్డు దగ్గర తీసుకోవాలి: పిన్నుల వరుసలో 4వ పిన్ను ఐదు వోల్టులు, 6వది గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే వైపు). బరువైన ఆట ఒకటి నడుస్తుండగా కొలవండి. మెనూ తెరిచి కొలిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. మీటరు సూదులు పక్క పిన్నుకు జారకుండా చూసుకోవాలి. ఐదు వోల్టులు 3.3 వోల్టుల పిన్నుకు తగిలితే బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు.

చాలా క్యాబినెట్లలో అసలు దొంగ మరొకటి ఉంటుంది. పైన పేరు వెలిగే ఎల్‌ఈడీ పట్టీ, ఫ్యాను, స్పీకర్ల యాంప్లిఫయర్, ఇవన్నీ బోర్డు నుంచే కరెంటు లాగుతుంటాయి. వాటికి వేరే ఎడాప్టర్ పెట్టండి. సగం ఇబ్బందులు అక్కడితో పోతాయి.

కరెంటు సరిగా ఉండి కూడా కొంతసేపు ఆడాక ఆట నెమ్మదిస్తుంటే కారణం వేడి. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పరీక్ష తేలిక: వెనక తలుపు తీసి ఉంచి అదే ఆట అంతే సేపు ఆడండి. నెమ్మదించకపోతే పెట్టెకు ఊపిరి ఆడడం లేదన్నమాట. కింద గాలి లోపలికి వచ్చే రంధ్రాలు, పైన గాలిని బయటికి తోసే ఫ్యాను ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో పెడితే అదే గాలి గిరగిరా తిరుగుతుంది తప్ప వేడి బయటికి పోదు.

కంప్యూటర్ బదులు జామా బోర్డు (అసలు ఆర్కేడ్ యంత్రాల ఆట బోర్డు) వాడేవారికీ ఈ కరెంటు రోగం వస్తుంది. జామా 1985లో వచ్చిన వైరింగ్ ప్రమాణం, 56 కాంటాక్టుల కనెక్టర్. పవర్ సప్లై మీద ఉండే చిన్న తిరుగుడు మీట ఐదు వోల్టులను సవరిస్తుంది. బోర్డు అంచు దగ్గర కొలుస్తూ, కొంచెం కొంచెంగా తిప్పి 5.0 దగ్గర నిలపండి. ఈ కనెక్టర్‌ను తలకిందులుగా గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు. అడ్డు పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్కను గాడిలో ఉంచడం ఇందుకే. అది ఊడిపోయి ఉంటే కొత్తది పెట్టేదాకా కనెక్టర్ ముట్టుకోకండి.

బటన్ పనిచేయదు

ముందు ఎన్ని బటన్లు పనిచేయడం లేదో లెక్క చూడండి. జవాబు అందులోనే ఉంటుంది.

ఒక్కటే పనిచేయకపోతే, పనిచేస్తున్న పక్క బటన్ వైర్లు దీనికి, దీని వైర్లు దానికి మార్చండి. లోపం ఇప్పటికీ ఇదే బటన్ దగ్గర ఉంటే మైక్రోస్విచ్ (బటన్ అడుగున ఉండే చిన్న స్విచ్) పోయింది. పక్క బటన్‌కు వెళ్లిపోతే తప్పు వైరులోనో, బటన్ నొక్కుళ్లను కంప్యూటర్‌కు చేరవేసే ఎన్‌కోడర్ బోర్డులోనో ఉంది. ఎన్‌కోడర్‌ను పరీక్షించడానికి క్లిప్పుల వైరు తీసుకుని, ఆ బటన్ ఇన్‌పుట్‌ను నేరుగా గ్రౌండ్‌కు తాకించండి. తెర మీద స్పందన వస్తే బోర్డు క్షేమం, వైరు మార్చితే సరిపోతుంది. మైక్రోస్విచ్ పోతే చాలా రకాల బటన్లలో దాన్ని మాత్రమే ఊడదీసి మార్చవచ్చు. మొత్తం బటన్ కొనక్కర్లేదు.

వరుసగా నాలుగైదు ఒకేసారి చచ్చిపోతే ఎన్‌కోడర్‌ను నిందించకండి. గ్రౌండ్ వైరు ఒక బటన్ నుంచి మరో బటన్‌కు గొలుసులా సాగుతుంది. దండలో దారం తెగితే ఆ చోటి నుంచి పూసలు రాలినట్టు, ఎక్కడ ఊడిందో అక్కడి నుంచి ఆఖరి బటన్ దాకా అన్నీ పోతాయి. పనిచేస్తున్న ఆఖరి బటన్‌కూ, పనిచేయని మొదటి బటన్‌కూ మధ్య ఉన్న కనెక్టర్లను లాగి చూడండి. ఒకటి చేతికి ఊడి వస్తుంది. శాశ్వత మందు కావాలంటే గొలుసు ఆఖరి కొనను కూడా ఎన్‌కోడర్ గ్రౌండ్‌కు తెచ్చి కలపండి. అప్పుడు గొలుసు ఒక చోట తెగినా రెండో వైపు నుంచి దారి ఉంటుంది. ఒక్క వైరు ఖర్చుతో పోయే ఈ పని చేయని క్యాబినెట్లే ఎక్కువ.

నొక్కకుండానే నొక్కినట్టు ఉండి, నొక్కితే వదిలేసినట్టు ప్రవర్తిస్తే మైక్రోస్విచ్ మీది మూడు కాళ్లను చూడండి. ఒకటి కామన్, రెండోది ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది), మూడోది ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). మీ వైరు ఎన్‌సీకి వెళ్లింది. ఎన్‌ఓకి మార్చండి, అంతే.

ఒక్కోసారి పలికి ఒక్కోసారి పలకకపోతే కనెక్టర్ కొలత తేడా అయి ఉండవచ్చు. ఈ స్పేడ్ కనెక్టర్లు 2.8, 4.8, 6.3 మిల్లీమీటర్ల వెడల్పుల్లో దొరుకుతాయి. 4.8 కాలికి 6.3 తొడిగితే మొదటి రోజు పనిచేస్తుంది. ఎవరైనా ఉత్సాహంగా బాదిన రోజు వదిలేస్తుంది. కొలత సరైనదే అయి కొంచెం వదులైతే పటకారుతో మెల్లగా నొక్కి బిగించవచ్చు.

బటన్ పనిచేస్తూ లైటు మాత్రం వెలగకపోతే కంగారు అక్కర్లేదు. లైటుది వేరే సర్క్యూట్. ఎల్‌ఈడీని తిప్పి పెట్టి చూడండి, దానికి ప్లస్ మైనస్ పట్టింపు ఉంది. మసకగా వెలుగుతుంటే 12 వోల్టుల దీపానికి 5 వోల్టులు ఇస్తున్నట్టు.

జాయ్‌స్టిక్ తిరకాసు

పైకి తోస్తే కిందికి పోతుందా? జాయ్‌స్టిక్ మధ్యలో ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి, పైకి తోసినప్పుడు అడుగున ఉన్న మొన కిందివైపు స్విచ్‌ను నొక్కుతుంది. అంటే పై దిక్కు వైరు కింది స్విచ్‌కు, ఎడమ దిక్కు వైరు కుడి స్విచ్‌కు వెళ్లాలి. దీన్ని మెనూలో తిరగేసి సరిపెట్టుకోవచ్చు. కానీ రేపు మరో ఎమ్యులేటర్ ఎక్కించినప్పుడు మళ్లీ మొదలు. వైర్లే మార్చండి. పైకి తోస్తే పక్కకు పోతుంటే మాత్రం జాయ్‌స్టిక్‌ను పావు చుట్టు తిప్పి బిగించారన్నమాట.

ప్యాక్‌మ్యాన్‌లో మలుపు తిరగాల్సిన చోట బొమ్మ తిరగక దయ్యం నోట్లో పడుతుంటే తప్పు మీ చేతిది కాదు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్ నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ కోసం తయారైనవి. ఎనిమిది దిక్కుల దానితో ఆడితే మూలకు పోయినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి పడతాయి, ఆట తికమక పడుతుంది. కర్ర ఎటు కదలాలో హద్దు పెట్టే, అడుగున ఉండే గేటు పలకను నాలుగు దిక్కులకు మార్చుకునే జాయ్‌స్టిక్‌లు ఉన్నాయి. సాన్వా వారి జేఎల్‌ఎఫ్‌లో అది కొద్ది నిమిషాల పని. పోరాట ఆటలు ఆడే ముందు మళ్లీ ఎనిమిదికి మార్చకపోతే మూల కదలికలు పలకవు. ఆ ఫిర్యాదుకు కూడా కారణం ఇదే గేటు.

కర్ర పొట్టిగా ఉండి పట్టు దొరకకపోతే అది చెక్కపని లోపం. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన) పలక అడుగున జాయ్‌స్టిక్‌ను నేరుగా బిగిస్తే కర్రలో చాలా భాగం పలకలోనే మునిగిపోతుంది. అడుగువైపు రూటర్‌తో (చెక్కను తొలిచే యంత్రం) పలకను పలచబరిచి, ఆ గుంటలో బిగించాలి.

ఒకటో ఆటగాడు రెండో ఆటగాడవుతాడు

నిన్న ఎడమవైపు ఉన్న మొదటి ఆటగాడు ఇవాళ కుడివైపున తేలతాడు. ఇద్దరికీ ఒకే రకం యూఎస్‌బీ ఎన్‌కోడర్లు రెండు పెట్టినప్పుడు ఇలా అవుతుంది. రెండింటికీ ఒకటే పేరు కావడంతో, స్విచ్ వేసినప్పుడు ఏది ముందు కనిపిస్తే అది ఒకటో నంబరు అవుతుంది. కేబుళ్లను ఎప్పుడూ అవే పోర్టుల్లో ఉంచితే చాలావరకు కుదురుకుంటుంది. అప్పటికీ మారుతుంటే ఇద్దరి బటన్లనూ ఒకే బోర్డులోకి తీసుకునే, కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపించే ఎన్‌కోడర్ తీసుకోండి. ఐప్యాక్ రకం బోర్డులు అలాంటివే. కొంచెం ఖరీదెక్కువ, కానీ ఈ తలనొప్పి మళ్లీ రాదు.

నొక్కిన కాసేపటికి గానీ దూకడు

ఆలస్యం ఎక్కడో ఒక్క చోట ఉండదు, దారి పొడుగునా కొంచెం కొంచెం పేరుకుంటుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. పెద్ద వాటా సాధారణంగా టీవీది. చిత్రానికి మెరుగులు దిద్దే పనిలో అది కొన్ని ఫ్రేములు పట్టి ఉంచుతుంది. ముందు గేమ్ మోడ్ పెట్టండి. తర్వాతే రెట్రోఆర్క్ అనే, ఎమ్యులేటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో రన్ అహెడ్ వంటివి ముట్టుకోండి. అది ఆటను లోపల ఒకటి రెండు ఫ్రేములు ముందుగా నడిపి ఆలస్యాన్ని కోస్తుంది, కానీ ప్రాసెసర్‌కు పని పెంచుతుంది. చిన్న బోర్డు మీద దీన్ని పెట్టి, ఆట నత్తనడక నడుస్తోందని మళ్లీ తల పట్టుకోవడం మామూలే.

బటన్ వెంటనే పలుకుతున్నా దృశ్యం జరిగేటప్పుడు కుదుపు కనిపిస్తే అది ఆలస్యం కాదు. ఆర్‌టైప్ సెకనుకు సుమారు 55 సార్లు, మోర్టల్ కాంబాట్ సుమారు 54.7 సార్లు తెరను తిరగరాస్తాయి. మీ మానిటర్‌ది 60. లెక్క కుదరదు కాబట్టి కొన్ని ఫ్రేములు రెండుసార్లు కనబడతాయి. రిఫ్రెష్ రేటును ఆటకు తగ్గట్టు మార్చుకునే మానిటర్ ఉంటే ఇది పోతుంది. లేకపోతే దీని మీద సాయంత్రాలు ఖర్చు చేయకండి.

ఆట ఎంచుకుంటే తెర నల్లబడి మళ్లీ మెనూకే వస్తుంది

ఇక్కడ మాత్రం తప్పు సాఫ్ట్‌వేర్‌దే. మామ్ ఎమ్యులేటర్ కొత్త కూర్పులు వచ్చేకొద్దీ రామ్ (ROM) ఫైళ్ల, అంటే ఆట ఫైళ్ల, కట్టలు కూడా మారుతుంటాయి. మామ్ 2003 అనే కోర్‌కు (రెట్రోఆర్క్‌లో నడిచే ఎమ్యులేటర్ రకం) 0.78 కూర్పు కట్ట కావాలి. వేరే కూర్పు ఫైలు ఇస్తే ఆట లేవకపోవచ్చు. జిప్ ఫైలును విప్పకూడదు, పేరు మార్చకూడదు. ఆ పొట్టి పేరుతోనే ఎమ్యులేటర్ ఆటను గుర్తుపడుతుంది. నియోజియో అనే ఆర్కేడ్ వ్యవస్థ ఆటలేవీ లేవకపోతే నియోజియో బయోస్ (ఆ వ్యవస్థను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) జిప్ ఫైలు అదే ఫోల్డర్‌లో ఉందో లేదో చూడండి. ఒక ఆట జపాన్ కూర్పు మాత్రమే తీసుకుంటే దాని మాతృ ఫైలు (ఆ ఆట అసలు కూర్పుది) కూడా పక్కన ఉండాల్సి రావచ్చు.

చిన్నాచితకా

స్పీకర్లలో గుయ్‌మనే మోత: యాంప్లిఫయర్‌కు వేరే ఎడాప్టర్ పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ ఒకటి తగిలించండి.

మెయిన్ స్విచ్ వేసినా మానిటర్ వెలగదు: కరెంటు పోయాక మళ్లీ వచ్చినప్పుడు ఆఫ్‌లోనే ఉండే రకం అది. మెనూలో మార్గం లేకపోతే దాని బటన్ నుంచి వైర్లు తీసి బయట మరో బటన్ పెట్టుకోవడమే.

కార్డు తరచూ పాడవడం: మెయిన్ స్విచ్‌తో ఆపే అలవాటు వల్ల. రాస్ప్‌బెర్రీ పై 4 లో 5, 6 పిన్నుల మధ్య ఒక బటన్ పెట్టి, సెట్టింగుల ఫైలులో షట్‌డౌన్ ఆదేశపు లైను చేర్చితే, అదే బటన్ ఆపుతుంది, అదే లేపుతుంది. అంతా కుదిరిన రోజు కార్డుకు నకలు తీసి దాచుకోండి.

టీ మోల్డింగ్ (పలక అంచుకు తొడిగే ప్లాస్టిక్ పట్టీ) ఊడిరావడం: గాడి వెడల్పైంది. మోల్డింగ్ కాడకు అక్కడక్కడ జిగురు రాసి రబ్బరు సుత్తితో తట్టండి.

హోరాహోరీ ఆట మధ్యలో హఠాత్తుగా మెనూ ప్రత్యక్షం కావడం: యంత్రం చెడలేదు. నాణెం బటన్, స్టార్ట్ బటన్ కలిపి నొక్కితే ఆట ముగించమని చాలా సాఫ్ట్‌వేర్లలో ముందే రాసి ఉంటుంది. రెండో ఆటగాడు చేరాలనే తొందరలో ఎవరో రెండూ నొక్కేస్తారు. ఆ ఆదేశానికి విడిగా ఒక బటన్ కేటాయించి, ప్యానెల్ అడుగున చేతికి తగలని చోట పెట్టండి.